ఎన్ని రోజులైంది?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే అచ్చంపేట నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు ఒకే బడిలో కలిసి పనిచేసిన సారు. బాగోగులు రెండు ముక్కల్లో అయిపోగొట్టి, "సార్, మీ మేనకోడలికి వెన్నుల నీళ్లు తీసి పరీక్ష చేసిన్రు గదా, దాని పేరేంది?" అని అడిగాడు. ఆయన కొడుక్కి ఇరవై రెండేళ్లు. గదిలోంచి బయటికి రాడట, స్నానం చెయ్యడట, ఎదురింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడట. పాలమూరులో డాక్టర్‌కు చూపిస్తే గోళీలు రాసిచ్చారు, ఒక నెల వాడి మానేశారు. "మావోనిది గూడ గదే అయ్యుంటది సార్. పిచ్చి కాకపోవచ్చు."

పరీక్ష పేరు చెప్పాను. అలవాటు కొద్దీ, "మొదలై ఎన్ని రోజులైంది సార్?" అని కూడా అడిగాను. "రోజులేంది సార్, పోయినేడు ఉగాది కాడినుంచి కొంచెం కొంచెం..." అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ కాసేపట్లో నేను చెప్పాల్సిందేమిటో తేలక ఈ పోస్ట్ రాయడానికి కూర్చున్నాను.

ఇలాంటి ఫోన్లు ఈ రెండేళ్లలో ఐదారు వచ్చాయి. మా ఇంట్లో జరిగింది, అంటే అందరం మనసు జబ్బు అనుకున్నది చివరికి ఒక రకం మెదడు వాపని తేలడం, చుట్టుపక్కల మండలాలకు పాకింది, నేనేదో తెలిసినవాణ్ణని పేరు పడిపోయింది. నిజానికి మా మేనకోడలి విషయంలో అందరికంటే పెద్ద పొరపాటు చేసింది నేనే. బయాలజీ టీచర్ని. 1990లలో ఊరూరా తిరిగి, నిమ్మకాయ కోస్తే రక్తం కారేట్టు చేసి చూపించి, బాణామతి గీణామతి ఏమీ లేదని చెప్పినవాణ్ణి.

అలిగిన బతుకమ్మ నాడు

2023 అక్టోబర్. అసెంబ్లీ ఎన్నికల ముందు. మా అక్కవాళ్లది నకిరేకల్ దగ్గర ఊరు. మేనకోడలికి అప్పుడు పంతొమ్మిది, నల్లగొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. బతుకమ్మ సెలవులకు ఇంటికొచ్చింది.

ఎంగిలిపూల నాడు సాయంత్రం జ్వరం, తల పగిలిపోయేట్టు నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేసి గోళీలిచ్చాడు, రెండు రోజుల్లో తగ్గింది. తగ్గింది కాబట్టి అందరం మర్చిపోయాం. నాలుగో రోజు నుంచి నిద్ర లేదు. ఎవరో వింటున్నారని ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. ప్రచారం బండి మైకుతో వాడకట్టులోకి వస్తే, "నా పేరే చెప్తున్నరు, మీకు ఇనవడ్తలేదా?" అని తలుపుకు గొళ్లెం పెట్టింది. ఆరో రోజు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు ఎలాగూ బతుకమ్మ ఆడరు కదా, "బతుకమ్మతోని ఇది గూడ అలిగింది" అని మా అక్క నవ్విందట.

తొమ్మిదో రోజు, సద్దుల నాడు, చెరువు కాడ ఆడవాళ్లతో పాటు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతూ మధ్యలో ఆగిపోయింది. చప్పట్లకని దగ్గరికొచ్చిన రెండు చేతులూ కలవకుండా అట్లాగే నిలబడిపోయాయి. వెనకాల వస్తున్నామె తగిలినా కదల్లేదు.

మర్నాడు దసరాకు నేను పోయాను. జమ్మి ఆకు చేతిలో పెడితే పిడికిలి మూసింది. రాత్రి అన్నం తినిపిద్దామంటే ఆ పిడికిలి తెరవదు. మా అక్క ఒక్కొక్క వేలే విప్పాల్సి వచ్చింది. ఆకు చెమటకు నలిగి నల్లగా అయిపోయి ఉంది. ఇది చూసి నేనేమన్నానో తెలుసా? "సెమిస్టర్ టెన్షన్. దానికి తోడు ఫోన్ ఎక్కువైంది."

వాళ్ల నాయనమ్మ మాత్రం గాలి సోకిందంది. చెర్వుగట్టు గుడి కాడ అమాస నిద్ర చేయిస్తే పోతుందంది. వచ్చే అమావాస్య అంటే దీపావళి, ఇంకా మూడు వారాలుంది. అందాకా ఉండనీ అని ఒక అంత్రం, అదే తాయెత్తు, కట్టించింది. నేను ఆమె మీద లేచాను. ఈ కాలంలో కూడా ఇదేం మాట, ఇది మనసుకు వచ్చే జబ్బు, మానసిక వైద్యుడికి చూపించాలి అని గట్టిగా వాదించి గెలిచాను. అప్పుడు నాకు లోపల ఎంత సంతోషమైందో దాచుకోను. ముప్పై ఏళ్ల కింద ఊరి అరుగుల మీద చేసిన వాదనే సొంత ఇంట్లో గెలిచినట్టు.

పన్నెండో రోజు దగ్గర్లోని టౌన్లో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపోయాం. మూడు గంటలు కూర్చున్నాక మా వంతు వచ్చింది, ఏడెనిమిది నిమిషాలు చూశారు. ఆ ఏడెనిమిది నిమిషాల్లో మాట్లాడింది నేనే. మా అక్క ఏదో అనబోతే, నువ్వాగవే అని ఆపి, "హాస్టల్లో ఏదో గొడవ అయ్యుంటుంది సార్, పరీక్షల టెన్షన్" అన్నాను. జ్వరం సంగతి ఎత్తలేదు. దాచిపెట్టాలని కాదు, అది ఈ కథలోది కాదనుకున్నాను. ఆ డాక్టర్ తప్పు ఎంత అని ఇప్పటికీ కొందరు బంధువులు అడుగుతారు. కథ అల్లి చేతిలో పెట్టింది నేను, ఆయన నా కథకు మందు రాశారు.

గాలి, టెన్షన్, స్కాన్ నార్మల్

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. నాయనమ్మ 'గాలి' అన్నదానికీ నేను 'టెన్షన్' అన్నదానికీ పనిలో తేడా లేదు. రెండూ చేసింది ఒకటే: ఇంక అడగాల్సిన పని లేకుండా చేశాయి. ఆమెది అంధవిశ్వాసం, నాది విజ్ఞానం అని నేననుకున్నాను. కానీ పిల్లకు ఏ రోజు ఏమైంది, ఒకదాని తర్వాత ఒకటి ఏ వరసలో వచ్చింది అని ఇద్దరిలో ఎవరం అడగలేదు. ఇంకా చెప్పాలంటే ఆమే కొంత నయం. ఇది నిన్నమొన్న ఉన్నట్టుండి మీదపడింది, ఈ పిల్ల ఇలాంటిది కాదు అని ఆమె పట్టుకుంది. 'సోకింది' అనే మాటలోనే ఆ ఉన్నట్టుండి అనేది ఉంది. నేనైతే లేని పాత కారణాలు వెతికి, హాస్టల్ అని, ఫోన్ అని, ఆ ఉన్నట్టుండి అన్నదాన్నే మాయం చేశాను.

మందు మొదలెట్టిన మూడో రోజుకు పిల్ల కట్టెలాగ బిగుసుకుపోయింది. చెయ్యి ఎత్తి పెడితే ఎత్తినట్టే ఉంటుంది. నోట్లో ఏమీ లేకుండానే నములుతుంది, పెదాలు వంకర్లు తిరుగుతాయి, చొంగ. ఒళ్లు కాలిపోతుంది. మందు పడలేదని ఫోన్ చేస్తే బిగుతు తగ్గడానికి ఇంకో గోళీ చెప్పారు. పక్కింటివాళ్లు ఆ నమలడం చూసి, లోపల ఎవరో కూసున్నరన్నారు. పదిహేడో రోజు తెల్లవారుజామున ఫిట్స్. అప్పుడు గానీ హైదరాబాద్ పరుగెత్తలేదు.

పెద్దాస్పత్రిలో ముందు ఎమ్మారై తీశారు. నార్మల్. ఆ మాట ఇంటికి చేరగానే రెండు పార్టీలూ గెలిచాయి. "సూసిన్రా, మిషన్ల ఏం దొరకలే, ఇది ఆస్పత్రిల తేలేది కాదు" అని వాళ్లు. మెదడులో ఏం లేదు, మానసికమే అని నేను. ఈ జబ్బులో ఎమ్మారైలో తేడా కనబడేది మూడో వంతు మందిలోనే అని తర్వాత చదివాను. అదే మెదడు తరంగాలు చూసే ఈఈజీలో అయితే పదిమందిలో తొమ్మిది మందికి ఏదో ఒక తేడా ఉంటుంది. అన్నిటికంటే ఖరీదైన ఫొటో అన్నిటికంటే నిజం చెబుతుందని మనకొక నమ్మకం. ఇదీ ఒక రకం అంత్రమే.

"మీరు కాసేపు బయట కూసోండి సార్"

పట్టుకున్నది ఎవరంటే ఆ ఆస్పత్రి సైకియాట్రీ విభాగంలో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి. మాట వింటే పాలమూరు దిక్కు అని తెలుస్తోంది. నేను నా కథ మళ్లీ మొదలెట్టాను. నాలుగు వాక్యాలు విని, "మీరు కాసేపు బయట కూసోండి సార్. అమ్మను చెప్పనియ్యండి" అంది. ముఖం మాడ్చుకొని బయటికొచ్చాను.

లోపల మా అక్కను అడిగిన మొదటి మాట, ఎన్ని రోజులైంది అని. మా అక్కకు తేదీలు రావు. ఎంగిలిపూల నాడు జరం, నానబియ్యం నాడు నిద్రపోలే, అలిగిన బతుకమ్మ నాడు మాట బందు, సద్దుల నాడు చెరువు కాడ నిలవడ్డది అని చెప్పింది. ఎక్కడో బయటి రాష్ట్రం నుంచి వచ్చిన డాక్టరైతే ఇది పిచ్చి మాటల్లాగే వినబడేదేమో. ఈ అమ్మాయి ఓపీ చీటీ వెనక వరసగా రాసుకుంది: 1, 4, 6, 9, 10, 14, 17. ఒక్కో అంకె పక్కన ఒక్కో మాట. ఆ చీటీ డిశ్చార్జి కాగితాల్లో కలిసి మా ఇంటికొచ్చింది, ఇప్పటికీ ఉంది. మొదటి అంకె పక్కన 'జ్వరం' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

ఆ సాయంత్రమే ఈఈజీ తీశారు, మెదడు తరంగాలు నెమ్మదించి ఉన్నాయన్నారు. మర్నాడు వెన్నులోంచి నీళ్లు తీశారు. దానికి సంతకం పెట్టించడం ఇంకో యుద్ధం. నడుము పడిపోతుందని మా బావ అరగంట కాగితం పట్టుకొని కూర్చున్నాడు. ఆ నీళ్లలో ఉండాల్సినదానికంటే ఎక్కువ తెల్లకణాలున్నాయి. యాంటీబాడీల పరీక్షకు పంపి, ఫలితం రాకముందే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వారం తర్వాత వచ్చిన కాగితం మీద ఉన్నది: ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్.

తెలుగులో మెదడువాపు అనేస్తే మనవాళ్లకు పందులు, దోమలు గుర్తొస్తాయి. మా ఊరి ఆశా కార్యకర్త కూడా వచ్చి ఇంటి చుట్టూ నీళ్లు నిలిచాయేమో చూసింది పాపం. ఇది అది కాదు. బయటి క్రిముల మీద పోరాడాల్సిన మన సొంత రక్షణ వ్యవస్థే, తను తయారుచేసే యాంటీబాడీలతో, మెదడు కణాల మీదుండే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లనే ఒక రకం గ్రాహకాల మీద పడుతుంది. జ్ఞాపకం, ఆలోచన, కదలిక అన్నిటికీ ఆ గ్రాహకాలు కావాలి. అవి తగ్గేకొద్దీ ముందు మనసు, తర్వాత మాట, ఆ తర్వాత ఒళ్లు ఒక్కొక్కటిగా పట్టు తప్పుతాయి. జోసెప్ డాల్మావ్ అనే నరాల వైద్యుడు, ఆయన బృందం 2007లో ఈ యాంటీబాడీలను గుర్తించారు. అంతకు ముందు దీనికి పేరే లేదు. మరుసటి సంవత్సరం వాళ్లే వందమంది రోగుల వివరాలు అచ్చువేస్తే, అందులో 77 మందిని మొదట చూసింది సైకియాట్రిస్టులే. మరి మొదటి చూపు ఎవరిది కావాలో, ఏమడగాలో వేరే చెప్పాలా?

2007 అనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1990లలో మేం ప్రోగ్రాం చేసిన ఒక ఊళ్లో కొత్తగా పెళ్లయిన ఒకామె ఉండేది. బిగుసుకుపోయేది, నోరు వంకర్లు పోయేది, తనకు బాణామతి చేసినామె పేరు చెప్పమని ఊరివాళ్లు కొట్టేవాళ్లు. మేం వెళ్లి, ఇది హిస్టీరియా, అత్తగారింట్లో బాధలు ఇలా బయటపడతాయి, కొట్టకండి అని చెప్పి వచ్చాం. కొట్టడం ఆగింది. రెండు వారాలకు ఆమె చనిపోయిందని తెలిసింది. ఆమెది ఈ జబ్బేనని చెప్పలేను, చెప్పకూడదు కూడా. టెటనస్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ ఒంట్లో జ్వరం ఉందా అని చెయ్యి పెట్టి చూసినవాడు మాలో ఒక్కడు కూడా లేడు. బాణామతి కాదని రుజువు చేసిన తృప్తితో జీపెక్కాం.

నిమ్మకాయంత గడ్డ

ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది వయసులో ఉన్న ఆడపిల్లలకు. 577 మంది రోగుల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో 81 శాతం ఆడవాళ్లే, సగం మంది 21 ఏళ్లలోపువాళ్లు. 38 శాతం మందికి ఒంట్లో ఒక గడ్డ దొరికింది, దాదాపు అందరికీ అండాశయంలోనే. అందుకే మెదడు జబ్బుకు పొట్ట స్కాన్ తీస్తారు. మా పిల్లకూ తీశారు. ఎడమ అండాశయంలో నిమ్మకాయంత గడ్డ ఉంది. టెరటోమా అంటారు.

నాకు చెమటలు పట్టింది దీని గురించి డాక్టర్ చెప్పినప్పుడు. ఈ గడ్డలో రకరకాల కణజాలాలు కలగాపులగంగా పెరుగుతాయట. కొవ్వు, చర్మం, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా. వాటితోపాటు కాస్త నరాల కణజాలం. దాని మీద పుట్టిన యాంటీబాడీలే పోయి మెదడునూ పట్టుకుంటాయి. అర్థమైంది. కానీ ఇంటికి పోయి నాయనమ్మతో ఏం చెప్పాలి? పిల్ల కడుపులో వెంట్రుకలు, పళ్లు! బాణామతి కథల్లో సరిగ్గా ఇవే కదా బయటపడేవి. ముప్పై ఏళ్లు నేను కాదు కాదన్నదాన్ని పాథాలజీ ల్యాబ్ సంతకం పెట్టి ఇచ్చినట్టయింది.

చిన్న కోతతో గడ్డ తీశారు. ఏదో నీటిబుడగ అని అందరం ఒకే మాట మీద ఉందామనుకున్నాం. ముసలామెకు ఎలా తెలిసిందో తెలిసింది. నా దిక్కు చూసి, "నేను జెప్పలే?" అంది. అంతే. ఆ రెండు మాటలకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. కాదు, ఉంది గానీ అది చెప్పడానికి అరగంట పడుతుంది, ఆమె వినదు.

స్టెరాయిడ్ రోజుకో గ్రాము చొప్పున ఐదు రోజులు. దాంతో పాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు. అది బరువును బట్టి, కిలోకు రెండు గ్రాములు. పిల్ల 45 కిలోలు, అంటే 90 గ్రాములు, ఐదు గ్రాముల సీసాలు పద్దెనిమిది. ఆ లెక్క కాగితం మీద వేసి మా బావకు చూపించింది నేనే. ఆయన ఏమీ అనకుండా అక్క మెడ దిక్కు చూశాడు. పన్నెండు రోజులు ఐసీయూ. నెల దాటాక మొదటిసారి "మామా, నీళ్లు" అంది. ఆ సంవత్సరం చదువు పోయింది. బతుకమ్మ సెలవుల నుంచి సంక్రాంతి దాకా ఏమీ గుర్తు లేదంటుంది. చిన్నదానికి పెద్ద కోపం రావడం చాలాకాలం ఉండె. ఇప్పుడు డిగ్రీ అయిపోవచ్చింది.

అందరికీ నీళ్లు తీయాలా?

నా వాదనకు ఎదురుగా నిలబడేది ఇది. ఆ పీజీ అమ్మాయినే తర్వాత ఒకసారి అడిగాను, మానసిక జబ్బుతో వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్షలు ఎందుకు చేయరని. నవ్వి, "మా ఓపీ చూసిన్రు గదా సార్" అంది. ఆ నవ్వులో అలసటే ఎక్కువ ఉంది గానీ, చెప్పిన కారణాలు గట్టివే. మొదటిసారి భ్రమలతో వచ్చేవాళ్లలో ఎక్కువ మందిది ఈ జబ్బు కాదు. ఒక్క రక్తంలోనే యాంటీబాడీలు వెతికితే జబ్బు లేనివాళ్లకూ ఉందని రావచ్చు, ఉన్నవాళ్లలో కొందరికి లేదనీ రావచ్చు. వెన్ను నీళ్లలో చూస్తేనే గట్టి మాట. తప్పుడు ఫలితం పట్టుకొని స్టెరాయిడ్లు ఎక్కిస్తే వాటి కష్టాలు వాటికున్నాయి.

సరే, మరి ఎట్లా? దీనికి జవాబు అదే 577 మంది లెక్కల్లో దొరికిందని నాకనిపిస్తుంది. మొదలైన నాలుగు వారాల్లో 87 శాతం మందికి ఎనిమిది రకాల లక్షణాల్లో కనీసం నాలుగు వచ్చేశాయి. ప్రవర్తన మారడం, మతిమరుపు, మాట పడిపోవడం, ఫిట్స్, వింత కదలికలు, మగత, గుండె వేగం, బీపీ గతి తప్పడం వగైరా. ఒక్క రకంతోనే ఉండిపోయినవాళ్లు ఒక్క శాతం. ఇంకో లెక్కలో 571 మందిలో మానసిక లక్షణాలు మాత్రమే కనబడినవాళ్లు 23 మంది, అందులోనూ జబ్బు మొదటిసారి వచ్చినప్పుడే అలా ఉన్నవాళ్లు ఐదుగురు. అంటే ఈ జబ్బు దాక్కోదు. వారం తిరిగేసరికి ఇంకో గుర్తు బయటపెడుతుంది. మొదటి రోజు పట్టుకోలేకపోవడం తప్పు కాదు. పేరు పెట్టేసి నెల తర్వాత రమ్మనడమే ప్రమాదం. ఆ నెల లోపలే పిల్ల ఐసీయూలో ఉంటుంది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూపించమనడానికి మిషన్ అక్కర్లేదు.

పెద్ద డాక్టర్లు రాసుకున్న ప్రమాణాలు కూడా మొదటగా అడిగేది రోజులే. 2016లో వచ్చిన మార్గదర్శకాల్లో, ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ (సొంత రక్షణ వ్యవస్థ వల్ల వచ్చే మెదడు వాపు) అని అనుమానించడానికి మొదటి షరతు లక్షణాలు మూడు నెలల లోపే ముదరడం. ఆ తర్వాతే ఫిట్స్, వెన్ను నీళ్లు, ఎమ్మారై. భ్రమలతో వచ్చినవాళ్లలో ఏ గుర్తులుంటే ఇలాంటి జబ్బును అనుమానించాలో 2020లో సైకియాట్రీ వైపు నుంచి ఒక ఏకాభిప్రాయ పత్రం వచ్చింది. ముందు జ్వరం లాంటిది రావడం, బిగుసుకుపోవడం, మానసిక మందులు పడకపోవడం, రక్తంలో సోడియం తగ్గడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మా పిల్లకు వీటిలో మూడు ఉన్నాయి. మందు పడకపోవడాన్ని మేం మందు మీద కోపంగా చూశాం గానీ, అది కూడా ఒక కబురే.

2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో మెడికల్ కాలేజీలు వచ్చాయి. వెన్ను నీళ్లు తీసి కణాలు లెక్కపెట్టడానికి హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేని రోజులు వస్తాయనే అనుకుంటున్నాను. నాకు అనుమానమల్లా ఆ ఏడెనిమిది నిమిషాల మీదే. రద్దీ ఓపీలో డాక్టర్ ఎన్ని ప్రశ్నలు అడగగలరు? అందుకే లెక్క మనమే రాసుకొని పోవాలి. ఏ రోజు ఏమైంది, దాని ముందు ఏమైంది, ఒక తెల్లకాగితం మీద. అది రాయాల్సింది మాట నేర్చిన మేనమామలు కాదు, ఇంట్లో ఉండి రోజూ చూసినవాళ్లు. తేదీలు రాకపోతే పండుగలు రాసుకోండి, పొలం పనులు రాసుకోండి.

పిచ్చి కాదంట

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని రెండుసార్లు చెరిపేశాను.

యాంటీబాడీల ఫలితం వచ్చిన రోజు ఆస్పత్రి వరండాలోంచి ఊరికి ఫోన్ చేశాను. "పిచ్చి కాదు! మెదడు వాపు!" అని అరిచినంత పని చేశాను. అటుపక్క స్పీకర్ పెట్టి ఉంది. ఇల్లంతా జనం. పెళ్లి కావాల్సిన పిల్ల, మచ్చ పోయింది అన్నంత సంబరం. ఆ జనంలో మా అక్కవాళ్ల వెనకింటామె కూడా ఉంది. ఆమె కొడుక్కి పదిహేనేళ్లుగా స్కిజోఫ్రీనియా. ఎర్రగడ్డకు తీసుకుపోవడం, తీసుకురావడం, నెలనెలా మందులు, ఆమె జీవితమే ఆ దారి మీద గడిచిపోయింది.

పిల్ల ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది. "సారూ, మావోనికి గూడ అప్పుడు గా నీళ్లు తీసి సూసుంటే..." అంది. మీ వాడిది వేరేనమ్మా, మెల్లగా ఏళ్ల మీద వచ్చింది అని చెప్పాను. నిజమే చెప్పాను. ఆమె తలూపింది. ఆమె నన్ను అడిగింది జబ్బు పేరు కాదని రాత్రి పడుకున్నాక తట్టింది. నా సంబరం ఆమెకు ఎలా వినబడి ఉంటుంది? పిచ్చి కాదు కాబట్టి మా పిల్ల మళ్లీ మనిషి అయింది అన్నట్టే కదా. మరి ఆమె కొడుకు?

ఈ జబ్బు గురించి తెలియాలి, అందరికీ తెలియాలి అని నేను చెప్పిన ప్రతిచోటా ఈ మాట నీడలాగా వెంట వస్తోంది. మెదడు వాపైతే రోగం, లేకపోతే పిచ్చి. మొదటిదైతే బంగారం అమ్మి బతికించుకుంటాం, రెండోదైతే గదిలో పెట్టి గొళ్లెం వేస్తాం. అచ్చంపేట సారు 'పిచ్చి కాకపోవచ్చు' అన్నప్పుడు ఆ గొంతులో ఉన్న ఆశను పుట్టించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ ఆశతో ఆయన మందులు మానేసిన కొడుకును పట్టుకొని పరీక్షల చుట్టూ తిరిగితే పోయేది ఆ పిల్లవాడి రోజులే. ఒకరికి త్వరగా అనుమానించడం ఎంత అవసరమో, ఇంకొకరికి ఇది అది కాదని ఒప్పుకొని గోళీ వేసుకోవడం అంత అవసరం. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పడం నాకు ఇంకా చేతకావడం లేదు. స్కిజోఫ్రీనియా కూడా మెదడుకు సంబంధించిన జబ్బే అని బయాలజీ టీచర్‌గా చెప్పగలను. అది చెబితే వెనకింటామెకు ఒరిగేదేమిటో నాకు తెలియదు.

అయినా సారుకు మళ్లీ ఫోన్ చేశాను. నెలల వారీగా రాసుకొని అదే డాక్టర్ దగ్గరికి మళ్లీ పొమ్మన్నాను. ఎనిమిది వరసలు రాశాడట. డాక్టర్ చదివి, ఇంకో పది ప్రశ్నలడిగి, రక్తపరీక్షలు, ఈఈజీ చేయించారు. వాటిలో ఏమీ రాలేదు. వెన్ను నీళ్ల అవసరం లేదని, మందులు మాత్రం మానొద్దని చెప్పారు. "పేరు మారలే సార్" అన్నాడు. తర్వాత కాస్త ఆగి, పిల్లవాడు గోళీలు వేసుకోనంటున్నాడు, ఒళ్లు పెరుగుతోందంట, మీ మేనకోడలు ఒకసారి మాట్లాడుతుందా అన్నాడు.

మా పిల్లను అడిగితే వెంటనే నంబర్ తీసుకుంది. స్టెరాయిడ్లు వాడినన్నాళ్లూ పదకొండు కిలోలు పెరిగింది అది. ముఖం గుండ్రమై, అద్దం మీద తువ్వాల కప్పిన రోజులున్నాయి. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడిందో అడిగితే, "లావైతే అవుతం, ఏ ప్యాంట్లు పడ్తయో జెప్పిన మామా" అంది.